మడమ కంటే ముందు తుంటి

మునివేళ్ళ మీద నడిచే పిల్లాణ్ణి చూస్తే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎవరైనా ఇచ్చే సలహా ఒక్కటే: "గుంటడికి మడమ ఎనక నరం కోయించేయండి, కాలు ఆనుతాది." చుట్టాలు అంటారు, ఊళ్ళో ఆర్‌ఎంపీ అంటాడు, శిబిరాలకొచ్చే కొందరు సర్జన్లూ అంటారు. పది నిమిషాల పని. చర్మం మీద మూడు చిన్న గాట్లు పెడతారు, లోపల మడమ టెండన్, అంటే పిక్క కండరాన్ని మడమ ఎముకకి కట్టి ఉంచే తాడు (ఊళ్ళో నరం అనేది దీన్నే), కొంత కొంత తెగుతుంది, పాదాన్ని పైకి తోస్తే అది సాగుతుంది, పిండికట్టు వేసి పంపేస్తారు. కట్టు విప్పాక మడమ నిజంగానే నేలకి ఆనుతుంది. ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు.

సెరిబ్రల్ పాల్సీ, అంటే పుట్టుక వేళకో పసితనంలోనో మెదడుకి దెబ్బ తగిలి ఒళ్ళు అదుపు తప్పిన పిల్లల కాళ్ళకి చేసే ఆపరేషన్లన్నిటిలో నాకు ఎక్కువ భయం ఈ చిన్నదాని మీదే. వెన్నులో నరాలు కోస్తామంటే అందరూ జడుసుకుంటారు. తొడ ఎముక కోసి ప్లేటు వేస్తామంటే ఏళ్ళ తరబడి వాయిదా వేస్తారు. ఈ పది నిమిషాల దానికి మాత్రం అప్పటికప్పుడు సంతకం పెట్టేస్తారు. సరిదిద్దడం చాలా కష్టమైన నష్టం చాలాసార్లు జరిగేది ఇక్కడే. రెండు కాళ్ళూ బిగిసిన పిల్లల్లో మడమ టెండన్‌ని విడిగా, అన్నిటికంటే ముందుగా కోయకూడదన్నది నా వాదన.

కారణం పిక్కలోనే ఉంది. అక్కడ పైన గాస్ట్రాక్నీమియస్, అడుగున సోలియస్ అని రెండు కండరాలు. మొదటిది మోకాలికి పైన మొదలవుతుంది, రెండోది మోకాలికి కింద. రెండూ కిందికొచ్చి ఒకే మడమ టెండన్ అవుతాయి. బరువు మోపినప్పుడు మోకాలి కింది ఎముక ముందుకి వాలిపోకుండా పట్టి ఉంచేది సోలియస్. ఆ పట్టు ఉన్నంతసేపే మోకాలు నిటారుగా నిలుస్తుంది. డైప్లీజియా పిల్లల్లో, అంటే రెండు కాళ్ళూ బిగిసి చేతులు చాలావరకు బాగున్నవాళ్ళలో, కురచబడేది సాధారణంగా గాస్ట్రాక్నీమియస్ ఒక్కటే. సోలియస్ పొడవు సరిపోయే ఉంటుంది. మడమ దగ్గర కోస్తే రెండూ కలిపి వదులైపోతాయి. ఎముక ముందుకి వాలుతుంది, మోకాలు వంగుతుంది, దానికి సర్దుకోవడానికి తుంటీ వంగుతుంది. ఐదారేళ్ళ పిల్లాడు తేలిక కాబట్టి ఇదేం బయటపడదు. పది పన్నెండేళ్ళు వచ్చేసరికి ఒళ్ళు పెరుగుతుంది, ఎముకలు కండరాల కంటే వేగంగా పొడుగవుతాయి, వంగిన మోకాలి మీద శరీరమంతా మోయడానికి తొడ ముందు కండరాలు చాలవు. మోకాలి చిప్ప పైకి జారి నొప్పి మొదలవుతుంది. బడికి నడిచి వెళ్ళినవాడు గోడ పట్టుకుంటాడు, ఆ తర్వాత కూర్చుండిపోతాడు. అప్పటికి ఆ శిబిరం సంగతి ఎవరికీ గుర్తుండదు. ఎదిగేకొద్దీ జబ్బు ముదిరిందనుకుంటారు. సెరిబ్రల్ పాల్సీలో మెదడుకి తగిలిన దెబ్బ ముదిరేది కాదు.

ఏ కండరం కురచైందో చెప్పే పరీక్షకి యంత్రం అక్కర్లేదు. పిల్లాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచి, మడమని లోపలివైపు తిప్పి పట్టుకుని పాదాన్ని నెమ్మదిగా పైకి తొయ్యాలి. తర్వాత పాదాన్ని అలాగే పట్టుకుని మోకాలు చాపాలి. వంచినప్పుడు బాగా పైకొచ్చిన పాదం చాపగానే కిందికి దిగిపోతే లోపం గాస్ట్రాక్నీమియస్‌ది. దానికి పిక్క మధ్యలో ఆ కండరం పొరను మాత్రమే వదులు చేసే ఆపరేషన్ వేరే ఉంది, సోలియస్ జోలికి పోదు. రెండు సందర్భాల్లోనూ పాదం రాకపోతేనే టెండన్ గురించి మాట్లాడాలి. ఒకవైపే చెయ్యీ కాలూ దెబ్బతిన్న హెమిప్లీజియా పిల్లల్లో ఇలా ఎక్కువగా కనబడుతుంది. వాళ్ళకి మడమ టెండన్ ఆపరేషన్ సబబే, అదీ కొలిచి చేస్తే. మడమని లోపలికి తిప్పకుండా తోస్తే పాదం మధ్యలో విరిగినట్టు వంగి, పైకొచ్చిందన్న భ్రమ కలుగుతుంది. హడావుడి పరీక్షల్లో పొరపాటు సాధారణంగా ఇదే.

ఇంకో భ్రమ కూడా ఉంది. మడమ లేచినంత మాత్రాన పిక్క కురచ అనుకోకూడదు. పిల్లాణ్ణి చెప్పుల్లేకుండా నడిపిస్తూ ఫోనుని మోకాలి ఎత్తులో పెట్టి పక్కనుంచి వీడియో తీయండి. ఆపి చూస్తే పాదానికీ మోకాలి కింది ఎముకకీ మధ్య కోణం తొంభై డిగ్రీలే ఉండొచ్చు. మోకాలు వంగి ఉండడంవల్లే మడమ లేచింది, అంతే. అలాంటి పిల్లాడికి మడమ టెండన్ కోస్తే ఒక పన్ను నొప్పెడితే పక్క పన్ను పీకినట్టే.

ఇక అసలు ప్రశ్న: బిగుతు ఎక్కణ్ణుంచి వస్తోంది? కాలిని నెమ్మదిగా చాపితే ఎంత దూరం వస్తుంది, గబుక్కున చాపితే ఎక్కడ తట్టుకుని ఆగుతుంది అని రెండు కోణాలు కొలుస్తారు. ఈ రెంటికీ మధ్య తేడా ఎక్కువుంటే అది నరాల నుంచి వచ్చే బిగుతు, స్పాస్టిసిటీ. తేడా లేకుండా రెండుసార్లూ ఒకేచోట ఆగితే కండరమే కురచైందని అర్థం. మొదటిదానికి కండరాన్ని కొన్నాళ్ళు వదులు చేసే బోటులినమ్ ఇంజెక్షన్, వరస పిండికట్లు, బిగుతు తగ్గించే బాక్లోఫెన్ మందు, కొందరికి వెన్ను నరాల ఆపరేషన్ పనిచేస్తాయి. రెండోదానికి ఎన్ని ఇంజెక్షన్లు వేసినా డబ్బు దండగ. ఇంట్లో తెలుసుకోవాలంటే పిల్లాడు గాఢనిద్రలో ఉండగా పాదం కదిపి చూడండి. మెలకువలో కర్రలా ఉండే పాదం నిద్రలో మెత్తబడితే ఇంకా కండరం కురచబడలేదన్నమాట. మత్తు ఇచ్చాక సర్జన్ మరోసారి చూసేది కూడా ఇందుకే. అప్పుడు పాదం సులువుగా వచ్చేస్తే కోయడం మానేసి కత్తి పక్కన పెట్టేయాలి.

మూడో రకం డిస్టోనియా. ఒకసారి వదులుగా, మరోసారి బిర్రుగా, ఉలిక్కిపడినా ఉత్సాహపడినా ఒళ్ళంతా మెలితిరిగే బిగుతు ఇది. పుట్టినప్పుడు పచ్చకామెర్లు బాగా ఎక్కినవాళ్ళలో, నెలలు నిండి పుట్టి ఊపిరందక దెబ్బతిన్నవాళ్ళలో ఇది ఎక్కువ. నెలలు తక్కువగా పుట్టి, ఎంఆర్‌ఐలో మెదడు లోపలి గదుల పక్కనున్న తెల్లపదార్థం దెబ్బతిన్నవాళ్ళలో అసలు స్పాస్టిసిటీ ఎక్కువ. డిస్టోనియా ఉన్న కాలికి టెండన్ సాగదీస్తే ఏమవుతుందో ముందే చెప్పలేం. లోపలికి తిరిగిన పాదం బయటికి తిరిగి ఊరుకోవచ్చు. పుట్టుక వివరాలు అడగకుండా కాలు మాత్రమే చూసి ఆపరేషన్ రాసే సర్జన్ని నమ్మొద్దంటాను.

కాలి మీదున్న శ్రద్ధ అంతా తుంటి మీద ఉండాలి. తుంటి నొప్పి పెట్టకుండానే జారుతుంది. తొడల లోపలి కండరాల బిగుతు తొడ ఎముక తలని, అంటే బంతిని, తుంటి ఎముకలోని గిన్నె నుంచి బయటికి లాగుతూ ఉంటుంది. శుభ్రం చేయడానికి కాళ్ళు విడదీయలేకపోతున్నామని, నిక్కరు తొడగడం కష్టమవుతోందని అమ్మ అన్నరోజుకే ఆలస్యమై ఉంటుంది. ఈ పిల్లల నడక సామర్థ్యాన్ని ఐదు స్థాయులుగా చెప్పే జీఎంఎఫ్‌సీఎస్ అనే కొలమానం 1997లో కెనడాలో తయారైంది. ఒకటో స్థాయి పిల్లలు మెట్లు కూడా పట్టుకోకుండా ఎక్కుతారు, ఐదో స్థాయివాళ్ళకి తల నిలపడమే కష్టం. ఆస్ట్రేలియాలో ఒక రాష్ట్రంలోని సెరిబ్రల్ పాల్సీ పిల్లల్ని లెక్కగట్టి 2006లో ప్రచురించిన అధ్యయనంలో మొత్తమ్మీద మూడోవంతు మందికి తుంటి జారింది. ఒకటో స్థాయిలో ఎవరికీ లేదు, మూడో స్థాయిలో 41 శాతం, ఐదో స్థాయిలో 90 శాతం. నడవని పిల్లాడికి కాళ్ళతో పనేముందని తుంటి వదిలేసేవాళ్ళకి ఇదే జవాబు. జారిన తుంటితో కూర్చోవడమూ నొప్పే, పడుకోవడమూ నొప్పే.

అందుకని ఏడాది, రెండేళ్ళ మధ్య మొదటి తుంటి ఎక్స్‌రే, మూడో స్థాయి నుంచి పైవాళ్ళకి ఆరునెలలకో ఏడాదికో మళ్ళీ మళ్ళీ. కొన్ని వందల రూపాయల పని ఇది. కాకపోతే ఎలా పడుకోబెట్టారన్నది ముఖ్యం. వెల్లకిలా, మోకాలి చిప్పలు పైకి చూస్తూ, రెండు కాళ్ళూ సమాంతరంగా. నడుము బల్ల నుంచి లేస్తుంటే మోకాళ్ళ కింద దిండు పెట్టి నడుము ఆనించాలి. కాళ్ళు పక్కలకి తిరిగితే అంకె తప్పు వస్తుంది. తొడ ఎముక తలలో ఎంత భాగం గిన్నె బయట ఉందో శాతంలో కొలవమని అడగండి. ముప్ఫై దాటితే కన్నేసి ఉంచాలి, నలభై దాటితే సర్జన్‌తో ఏదో ఒకటి తేల్చుకోవాలి. తొందరగా పట్టుకుంటే తొడ లోపలి కండరాలు వదులు చేయడంతో సరిపెట్టే అవకాశం ఉంటుంది. ఆలస్యమైతే తొడ ఎముక కోసి తిప్పి ప్లేటు, ఒక్కోసారి గిన్నె పైభాగం కూడా సరిచేయాలి. ఫిల్ములు పారేయకండి, తేదీలు రాసి ఉంచండి. ఒక్క ఫిల్ము కంటే రెండు ఫిల్ముల మధ్య తేడా ఎక్కువ విషయం చెబుతుంది.

వెన్ను నరాల ఆపరేషన్ గురించి వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతుంటాయి కాబట్టి అదేమిటో చెప్పాలి. సెలెక్టివ్ డార్సల్ రైజాటమీ అంటారు. జర్మన్ వైద్యుడు ఒట్‌ఫ్రిడ్ ఫోర్‌స్టర్ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే వెన్నులో నరాల వెనక వేళ్ళు (మొదళ్ళు) కోసి బిగుతు తగ్గించాడు. ఇటలీలో ఫసానో 1970లలో కరెంటుతో ప్రేరేపించి ఏవి కోయాలో ఎంచుకోవడం మొదలుపెట్టాడు. కేప్‌టౌన్‌లో వారిక్ పీకాక్ 1980లలో దాన్ని పిల్లలకి అనువుగా మార్చాడు. పిల్లాణ్ణి బోర్లా పడుకోబెట్టి నడుము ఎముక తెరిచి, నడుము మొదటి వెన్నుపూస నుంచి త్రికం (నడుము అడుగు ఎముక) దాకా ఉన్న నరాల్లో కాళ్ళ నుంచి కబురు మోసే వెనక వేళ్ళని సన్నని పోగులుగా విడదీస్తారు. ఒక్కో పోగునీ కరెంటుతో తాకి కాలి కండరాలు ఎలా స్పందిస్తున్నాయో తెర మీద చూస్తారు. విపరీతంగా స్పందించేవాటిని కోసి, మిగతావి వదులుతారు. సుమారు సగం నుంచి మూడింట రెండొంతులు పోతాయి. మూత్రం అదుపు చేసే కింది నరాల దగ్గర చాలా జాగ్రత్తగా ఉంటారు. నాలుగైదు గంటల పని. వెన్నుద్రవం కారడం, కొన్నాళ్ళు మూత్రం ఆగడం, అరికాళ్ళలో మంట, తిమ్మిరి, తర్వాతెప్పుడో నడుము వంకర, ఇవీ వచ్చే చిక్కులు.

తగ్గిన స్పాస్టిసిటీ మళ్ళీ రాదు. నిజమే. కాని ఎవరికి? ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవ 2018లో దీనికి డబ్బు ఇవ్వడానికి ఒప్పుకున్నప్పుడు పెట్టిన షరతులు చూడండి: మూడు నుంచి తొమ్మిదేళ్ళ వయసు, స్పాస్టిక్ డైప్లీజియా, రెండో మూడో స్థాయి, డిస్టోనియా ఉండకూడదు, తుంటి జారి ఉండకూడదు. ఆ మీదట నెలల తరబడి ఫిజియోథెరపీ. బిగుతు పోగానే దాని కింద దాగున్న బలహీనత బయటపడుతుంది. అప్పటిదాకా పిల్లాడు నిలబడింది ఆ బిగుతు మీదే. మొదటి ఆరు నెలలు వారానికి నాలుగైదు రోజులు బలం పెంచే పని చేయించలేకపోతే ఈ ఆపరేషన్ చేయించకపోవడమే మేలు. మందస నుంచో మెళియాపుట్టి నుంచో వారానికి నాలుగుసార్లు శ్రీకాకుళం వచ్చి వెళ్ళగలరా అన్నది సర్జన్ నైపుణ్యమంత ముఖ్యమైన ప్రశ్న. ఒంట్లో అమర్చి వెన్నులోకి మందు పంపే బాక్లోఫెన్ పంపు సంగతి రెండు ముక్కల్లో: మూడు నుంచి ఆరు నెలలకోసారి పెద్ద ఊరికెళ్ళి మందు నింపించాలి, అయిపోతే ప్రాణం మీదకొస్తుంది. మన దూరాలకి నేనైతే సిఫార్సు చేయను.

ఇంజెక్షన్ల గురించీ అంతే క్లుప్తంగా. బోటులినమ్ ప్రభావం మూడు నుంచి ఆరు నెలలు. దానికదిగా వేయించి ఊరుకుంటే ఫలితం కరిగిపోతుంది. వెంట పిండికట్లు, స్ప్లింటు (కాలిని సరైన తీరులో పట్టి ఉంచే తొడుగు) ఉండాలి. రెండు నుంచి ఎనిమిది డిగ్రీల చల్లదనంలో ఉండాల్సిన మందు ఇది. వైజాగ్‌లో కొని బస్సులో సంచీలో పెట్టుకొస్తే నీళ్ళు పొడిపించుకున్నట్టే. ఒక కంపెనీ యూనిట్లు ఇంకో కంపెనీ యూనిట్లతో సమానం కావు కాబట్టి కాగితం మీద మందు పేరు కూడా రాయించుకోండి.

ఎముకల సర్జన్ చేసే పని విషయంలో ఇప్పుడు నడుస్తున్న పద్ధతి, కావలసినవన్నీ ఒకే మత్తులో చేసేయడం. ఒక ఏడు మడమ, ఇంకో ఏడు మోకాలు, మరో ఏడు తుంటి అని పిల్లాడి పుట్టినరోజులన్నీ ఆస్పత్రిలో గడిపించే రోజులు పోవాలి. నడక ఒక తీరుకొచ్చాక, సుమారు ఏడు నుంచి పదేళ్ళ మధ్య, రెండు కాళ్ళలోనూ లోపలికి తిరిగిన తొడ ఎముకని తిప్పి ప్లేటు వేయడం, మోకాలి వెనక కండరాలు వదులు చేయడం, పిక్క పొర వదులు చేయడం, పాదం సరిచేయడం ఒకేసారి చేస్తారు. అన్నీ అందరికీ కావు. తుంటి జారుతుంటే మాత్రం ఈ వయసు దాకా ఆగకూడదు.

ఆపరేషన్ ముందు హిమోగ్లోబిన్, విటమిన్ డి చూపించాలి. మూర్ఛ మందు వాడే పిల్లల్లో ఎముకలు పెళుసుగా ఉండొచ్చు. ఆ మందు ఆపరేషన్ రోజు పొద్దున కూడా మానకూడదు, ఏ వేళకి ఎంత నీటితో ఇవ్వాలో మత్తు డాక్టర్ని అడగాలి. బాక్లోఫెన్ మాత్ర ఒక్కసారిగా ఆపకూడదు. కట్టు వేశాక మొదటి రెండు మూడు రోజులు పిల్లాడు ఉలిక్కిపడి కాళ్ళు బిగిస్తూ ఏడుస్తాడు. అది నొప్పితో పాటు కండరాలు పట్టేయడంవల్ల, దానికి వేరే మందుంటుంది, అడిగి వేయించాలి. పిక్క కింద తువ్వాలు చుట్టి పెట్టి మడమని గాల్లో ఉంచాలి. లేకపోతే కట్టు లోపల పుండు పడుతుంది. మాట రాని పిల్లాడు చెప్పలేడు, వాసన వచ్చేదాకా తెలియదు. మోకాలి వెనక కండరాలు వదులు చేసినవాళ్ళలో పాదం మీద తిమ్మిరి, వేళ్ళు ఎత్తలేకపోవడం కనిపిస్తే నరం సాగిందని అర్థం. మోకాలు కాస్త వంచి వెంటనే డాక్టరుకి ఫోన్ చేయాలి, పొద్దున్న వరకు ఆగకూడదు.

తర్వాతి మూడు నుంచి ఆరు నెలలు పిల్లాడు ముందు కంటే అధ్వాన్నంగా నడుస్తాడు. ఇది ఎవరూ ముందు చెప్పరు, అందుకే ఇక్కడ చాలామంది చతికిలబడి థెరపీ మానేస్తారు. అసలు ఫలితం ఏడాదికి కనబడుతుంది, రెండేళ్ళ దాకా మెరుగవుతుంది. చేయాల్సిన పని గొప్పదేం కాదు. ఎత్తు తక్కువ పీట మీద నుంచి లేచి కూర్చోవడం, ఎనిమిది నుంచి పదిసార్లు, మూడు విడతలు, వారానికి మూడు రోజులు. ఇంటి అరుగు మెట్టు ఎక్కి దిగడం. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట బోర్లా పడుకోబెడితే తుంటి ముందు భాగం సాగుతుంది. నూనె మర్దనా మానమని చెప్పను, పిల్లాడికి హాయిగా ఉంటుంది, కాని దానివల్ల కండరం పొడుగవదు. స్ప్లింటు తీశాక పడిన ఎర్రమచ్చ ఇరవై నిమిషాల్లో పోకపోతే చేసినవాళ్ళ దగ్గరకి తీసుకెళ్ళి అక్కడ సరిచేయించాలి. మన ఇళ్ళలో చెప్పులు గుమ్మం బయటే విడుస్తాం కదా, ఒట్టి స్ప్లింటుతో గచ్చు మీద నడిస్తే జారిపడతాడు. ఇంట్లో వేసే బూట్లు వేరే జత ఉంచండి.

ఎప్పుడు చేయించాలన్నది కూడా మన నేలని బట్టే. వేసవి సెలవులని మే నెలలో పెట్టుకుంటారు, ఆ ఉక్కలో కట్టు లోపల చెమటకి చర్మం పాడవుతుంది. అక్టోబరు తుపాన్ల నెల. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. కట్టు మార్పించాల్సిన వారం దారులు మూసుకుపోతే కష్టం. నవంబరు, డిసెంబరుల్లో వరి కోతలు, అమ్మా నాన్నా ఇద్దరూ పొలంలోనే. సంక్రాంతి దాటగానే చేయిస్తే మార్చి మొదట్లో కట్లు విప్పేస్తారు, ఎండలు ముదిరేలోగా నిలబెట్టడం మొదలవుతుంది. బడి కొన్ని వారాలు పోతుంది, పోనీండి.

థెరపీ ఎక్కడన్నది ఆపరేషన్ తేదీ కంటే ముందు తేల్చుకోవాలి. జిల్లా కేంద్రంలోని డీఈఐసీ (పిల్లల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే ప్రభుత్వ కేంద్రం), మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం, దగ్గర్లో ఎవరైనా ఫిజియోథెరపిస్టు, ఎవరు వారంలో ఏ రోజుల్లో ఉంటారో స్వయంగా వెళ్ళి అడిగి రాసుకోండి. ఆస్పత్రిలో ప్రభుత్వ ఉచిత వైద్య పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రని ఆపరేషన్‌తో పాటు స్ప్లింట్లు, ప్లేటు తీయించడం, తర్వాతి థెరపీ ప్యాకేజీలో ఉన్నాయా అని ఒక్కొక్కటీ విడివిడిగా అడగాలి. నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. సదరం ధ్రువపత్రం ఉంటే 2024 జూలై నుంచి పింఛను నెలకి 6,000. దారి ఖర్చులకి అది పక్కన పెట్టగలిగితే వారానికి రెండుసార్లయినా వెళ్ళొచ్చు.

ఇప్పటికే మడమ టెండన్ కోయించేసిన పిల్లలు మన రెండు జిల్లాల్లో చాలామందే ఉన్నారు. వాళ్ళని ఆరునెలలకోసారి పక్కనుంచి వీడియో తీస్తూ మోకాలి వంపు చూడాలి. పాదం మరీ పైకి వస్తోందా, మడమ మీదే బరువంతా పడుతోందా గమనించాలి. కుంగడం మొదలైతే మోకాలి కింద ముందువైపు పలక ఉండే గట్టి స్ప్లింటు వేస్తారు. అది నేల నుంచి వచ్చే బలంతో మోకాలిని వెనక్కి తోస్తుంది. మోకాలు పూర్తిగా చాపడానికి వచ్చినంత కాలమే అది పనికొస్తుంది. పది పదిహేను డిగ్రీల వంపు గట్టిపడిపోతే స్ప్లింటు పని చేయదు. మోకాలి పైన ఎముక కోసి తిన్నగా చేసి, చిప్ప కింది టెండన్ బిగించే పెద్ద ఆపరేషన్ ఒక్కటే మిగులుతుంది. ఆ గట్టిపడడం పన్నెండు, పద్నాలుగేళ్ళ మధ్య ఎత్తు పెరిగే నెలల్లో చాలా వేగంగా జరుగుతుంది కాబట్టి ఆ కాలంలో మాత్రం వీడియో మూడు నెలలకోసారి తీయండి.